పరిశ్రమల కూర్పు మారితే కరెంటు ఆదా టెక్నాలజీ దానంతట అదే వస్తుందా?

చెన్నైలో ఎకనామిక్స్ పీజీ చేస్తున్న ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "మన నగరంలో బట్టల మిల్లులు, ఫౌండ్రీలు తగ్గి కార్లు, ఫోన్లు, ఐటీ పెరిగాయి. వంద రూపాయల ఉత్పత్తికి ఖర్చయ్యే ఎనర్జీ తగ్గుతూ వస్తోంది. పరిశ్రమల కూర్పు మారడం వల్లే శుభ్రమైన, ఎనర్జీ ఆదా చేసే టెక్నాలజీ వచ్చిందని నా ప్రాజెక్టులో రాయొచ్చా?"

ఆ ఒక్క అంకెని పట్టుకుని మాత్రం రాయకండి. నేను ఎనర్జీ ఆడిటర్‌ని. అంబత్తూరు, తిరుముడివాక్కం షెడ్ల నుంచి శ్రీపెరుంబుదూరు, ఒరగడం పెద్ద ప్లాంట్ల దాకా, అటు గుమ్మిడిపూండి ఫర్నేసుల దాకా తిరిగే పని నాది. కూర్పు మారినప్పుడు టెక్నాలజీ కూడా మారడం చూశాను. కూర్పు మారినా పాత మోటార్లు అలాగే వేడెక్కుతూ తిరుగుతుండటం అంతకంటే ఎక్కువ చూశాను. మీ దగ్గరున్న అంకెలో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. ఇవి అసలు అంకెలు కావు, లెక్క కోసం అనుకున్నవి. ఒక ఊళ్ళో రెండే పరిశ్రమలు ఉన్నాయనుకోండి. ఇనుము కరిగించే ఫౌండ్రీకి వంద రూపాయల సరుకు తీయడానికి 10 యూనిట్ల కరెంటు పడుతుంది. విడిభాగాలు బిగించే అసెంబ్లీ ఫ్యాక్టరీకి 1 యూనిట్ చాలు. మొదటి ఏడాది రెండూ చెరో వెయ్యి రూపాయల సరుకు తీశాయి. మొత్తం 110 యూనిట్లు, అంటే వంద రూపాయలకు 5.5. పదేళ్ళ తర్వాత ఫౌండ్రీ అదే వెయ్యి దగ్గరుంది, అసెంబ్లీ నాలుగు వేలకి పెరిగింది. మొత్తం 140 యూనిట్లు, వంద రూపాయలకు 2.8. అంకె దాదాపు సగమైంది. ఈ పదేళ్ళలో ఒక్క యంత్రం కూడా మారలేదు. పైగా వాడిన కరెంటు మొత్తం పెరిగింది. మీ ప్రాజెక్టులో "టెక్నాలజీ మెరుగైంది" అని రాయబోతున్న చోట జరిగింది ఇదే అయ్యుండొచ్చు. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఉత్పత్తి పెరగడం వల్ల వచ్చిన మార్పుని, కూర్పు వల్ల వచ్చిన మార్పుని, ఒక్కో సరుకుకి పట్టే ఎనర్జీలో వచ్చిన అసలు మార్పుని విడివిడిగా లెక్క కడతారు. డికంపోజిషన్ అనే ఆ పద్ధతి మీ సిలబస్‌లోనే ఉంటుంది, వదిలేయకండి.

ఇక చెన్నై కథకి వద్దాం. పెరంబూరులో బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు 1996లో మూతపడింది. ఇరుంగాట్టుకోటలో హ్యుందాయ్ కార్లు బయటికి రావడం మొదలైంది 1998లో. శ్రీపెరుంబుదూరులో నోకియా 2006లో వచ్చి 2014లో మూసేసింది, ఆ తర్వాత వేరే కంపెనీల ఫోన్లు వచ్చాయి. పైకి చూస్తే పొగ వదిలే పరిశ్రమ పోయి తెల్లకోట్ల పరిశ్రమ వచ్చినట్టే ఉంటుంది. కానీ కారుకి ఇనుము, అల్యూమినియం, గాజు, రబ్బరు కావాలి. వాటిలో కొంత మీరు లెక్క కడుతున్న గీతకి అవతల తయారవుతుంది. నగరం నుంచి ఉత్తరంగా వెళ్తే గుమ్మిడిపూండి సిప్‌కాట్ అనే ప్రభుత్వ పారిశ్రామిక వాడలో కరెంటుతో ఇనుము కరిగించే ఇండక్షన్ ఫర్నేసులు, ఉక్కుని మళ్ళీ వేడి చేసి కడ్డీలుగా సాగదీసే రీరోలింగ్ మిల్లులు ఉన్నాయి. ఇంకొంచెం ముందుకెళ్తే మన ఆంధ్ర సరిహద్దు, తడ, శ్రీసిటీ. ఫోన్ సంగతి మరీ దూరం. అందులోని చిప్పుల తయారీకి పట్టే కరెంటు తైవాన్ లెక్కలో ఉంటుంది, ఇక్కడ బిగించినందుకు వచ్చే విలువ మన లెక్కలో పడుతుంది. ఇంట్లో వంట మానేసి కర్రీ పాయింట్ నుంచి కూరలు తెచ్చుకుంటే గ్యాస్ ఆదా అయిందని చెప్పుకోవడం లాంటిదే ఇది.

దీనికంటే తెలివిగా దాక్కునే తప్పు ఇంకొకటి ఉంది, చాలా థీసిస్‌లలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. మీరు వాడేది యాన్యువల్ సర్వే ఆఫ్ ఇండస్ట్రీస్ డేటానే అయ్యుంటుంది. ఆ సర్వేలోకి ఇన్నాళ్ళూ ముఖ్యంగా వచ్చినవి ఫ్యాక్టరీల చట్టం కింద రిజిస్టరైనవి. అంటే కరెంటు వాడేచోట పదిమంది, కరెంటు లేనిచోట ఇరవైమంది, అంతకంటే ఎక్కువ పనివాళ్ళు ఉన్నవి. ఇప్పుడు ఒక పెద్ద ఆటో విడిభాగాల కంపెనీ తన లోపలున్న హీట్ ట్రీట్‌మెంట్‌నీ, ప్లేటింగ్‌నీ బయటికి జాబ్ వర్క్ ఇచ్చేసిందనుకోండి. వేడి చేసే పని, అంటే ఎనర్జీ ఎక్కువగా తినే పని, ఎనిమిదిమంది పనిచేసే చిన్న షెడ్డులోకి పోతుంది. సర్వే నుంచి ఆ కరెంటు మాయమవుతుంది. పెద్ద కంపెనీ లెక్క బ్రహ్మాండంగా మెరుగైనట్టు కనిపిస్తుంది. చిన్న షెడ్డులోని ఫర్నేసుకి ఇన్సులేషన్ పాతదైపోయి గోడ బయటివైపు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే, మొత్తం మీద ఎనర్జీ పెరిగి కూడా ఉండొచ్చు. అంబత్తూరులో ఇది రోజూ కనిపించేదే.

మరి కూర్పు మార్పు టెక్నాలజీని అసలు కదిలించదా అంటే, కదిలిస్తుంది. ఎప్పుడు కదిలిస్తుందో చెప్పడానికి సిమెంటుని మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1960 ప్రాంతంలో మన దేశంలో సిమెంటు దాదాపు అంతా తడి పద్ధతిలోనే తయారయ్యేది. ముడి పదార్థాన్ని నీళ్ళతో బురదలా కలిపి బట్టీలోకి పంపేవాళ్ళు. ఆ నీళ్ళని ఆవిరి చేయడానికే బోలెడంత బొగ్గు పోయేది. కిలో క్లింకర్‌కి, అంటే బట్టీలోంచి వచ్చే సిమెంటు గడ్డలకి, 1300 కిలో క్యాలరీల పైన పట్టేది. పొడి పద్ధతిలో, బట్టీలోకి వెళ్ళకముందే ముడి పొడిని వేడి చేసే ప్రీహీటర్, ప్రీకాల్సినర్ ఉన్న ప్లాంటులో అది 700 నుంచి 750కి దిగుతుంది. ఈ టెక్నాలజీ గురించి ఇక్కడివాళ్ళకి తెలియక కాదు, అన్నాళ్ళూ ధరలు ప్రభుత్వ నియంత్రణలో ఉండటంతో కొత్త ప్లాంటు పెట్టాలనే ఉత్సాహం ఎవరికీ ఉండేది కాదు. 1982లో నియంత్రణ కొంత సడలింది, 1989లో పూర్తిగా ఎత్తేశారు. కొత్త కంపెనీలు వచ్చాయి, పెద్ద ప్లాంట్లు కట్టారు, కట్టినవన్నీ పొడి పద్ధతివే. పాతవి పోటీలో నిలబడలేక మారాయి, లేదా మూతపడ్డాయి. ఇవాళ తడి పద్ధతి మన దేశంలో నామమాత్రంగా మిగిలింది, మన సిమెంటు ప్లాంట్లు ప్రపంచంలోనే తక్కువ ఎనర్జీ వాడేవాటిలో ఉన్నాయి.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, పరిశ్రమ పేరు మారలేదు, సిమెంటు సిమెంటుగానే ఉంది. మారింది పరిశ్రమ లోపలి తీరు: ఎవరు పెట్టుబడి పెడుతున్నారు, ఎంత పెద్ద ప్లాంటు, ధర ఎవరు నిర్ణయిస్తున్నారు, పాత యంత్రం ఎప్పుడు తుక్కుకి పోతుంది. మీ ప్రాజెక్టులో "కూర్పు" అంటే ఫలానా రంగం వాటా ఇంత శాతం అని మాత్రమే తీసుకుంటే ఇదంతా జారిపోతుంది. నా అభిప్రాయంలో టెక్నాలజీని మార్చేది రంగాల వాటా కంటే ఈ లోపలి తీరే.

మణలిలో ఇంకో రకం చూడండి. మద్రాస్ ఫెర్టిలైజర్స్ ఏళ్ళ తరబడి పెట్రోలియం నుంచి వచ్చే నాఫ్తాతో యూరియా చేసింది. 2019లో ఎన్నూరు ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) టెర్మినల్ మొదలై గ్యాస్ అందాక సహజవాయువుకి మారింది. అదే ఫ్యాక్టరీ, అదే యూరియా. మార్పు తెచ్చింది ఒక పైపులైను.

పెద్ద ప్లాంట్ల మీద ప్రభుత్వం ఒత్తిడి కూడా పనిచేసింది. 2001 ఎనర్జీ పొదుపు చట్టం, ఆ తర్వాత పెద్ద ప్లాంట్లకి ఎనర్జీ తగ్గించే లక్ష్యాలు పెడుతూ 2012లో మొదలైన ప్యాట్ పథకం. మొదటి విడత 2012 నుంచి 2015 దాకా, ఎనిమిది రంగాల్లో 478 ప్లాంట్లకి లక్ష్యాలు పెట్టారు. లక్ష్యం 66.9 లక్షల టన్నుల చమురుతో సమానమైన ఎనర్జీ, సాధించింది 86.7 లక్షల టన్నులు. లక్ష్యం మరీ సులువుగా పెట్టారని విమర్శించినవాళ్ళున్నారు, అందులో నిజం లేకపోలేదు. కానీ అసలు విషయం ఆ 478 అనే అంకె. అంబత్తూరు చిన్న షెడ్డు ఆ జాబితా దరిదాపుల్లోకి రాదు.

ఆ షెడ్డు దగ్గరే కాస్త ఆగుతాను, ఎందుకంటే చెన్నై ఆటో పరిశ్రమ నిలబడింది ఇలాంటివాటి మీదే. ఇక్కడ ఆదా ఎక్కడుందో కనుక్కోవడం కష్టం కాదు. కంప్రెసర్ గాలి లీకులు వింటేనే తెలుస్తాయి. సరిగ్గా చూసుకోని షెడ్డులో తయారైన గాలిలో 20, 30 శాతం లీకుల్లోనే పోతుంది. ప్రెషర్ ఒక బార్ అనవసరంగా ఎక్కువ పెట్టుకుంటే కరెంటు ఆరేడు శాతం పెరుగుతుంది. ఫ్యాను గానీ పంపు గానీ 80 శాతం వేగంతో తిప్పితే చాలనుకున్నచోట మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పెడితే పవర్ దాదాపు సగానికి దిగుతుంది. ఇవేవీ రాకెట్ సైన్సు కాదు. మరి ఎందుకు చేయరు?

నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ మెషినింగ్ షెడ్డు నడుపుతున్న ఒకాయన దీనికి సూటిగా జవాబు చెప్పారు: "ఆదా చేస్తాం సార్. కానీ ఆ డబ్బు నాకు మిగులుతుందా, పార్టీకి పోతుందా?" ఆయన పార్టీ అన్నది తన దగ్గర పార్టులు కొనే పెద్ద కంపెనీని. ఈ సరఫరా గొలుసులో ప్రతి ఏడూ రేటు తగ్గించమని అడగడం మామూలు. పార్టు ఖర్చు ఎలా పడుతోందో, కరెంటు ఎంతో అన్నీ కొనేవాళ్ళ కాగితం మీద ఉంటాయి. కరెంటు తగ్గిందని తెలిస్తే మరుసటి ఏడాది రేటు అంత తెగ్గోస్తారు. కొత్త మోటారు లోను కంతులు మాత్రం ఈయనే కట్టాలి. పైగా షెడ్డు అద్దెది. రూఫ్ మీద సోలార్ పెట్టమంటే ఓనరు ఖాళీ చేయమంటాడేమోనని భయం. మోటారు కాలిపోతే పక్క సందులో రీవైండింగ్ చేయించి సాయంత్రానికి తిప్పడమే ఆయనకి గిట్టుబాటు, రీవైండింగ్ సరిగ్గా జరగనప్పుడల్లా ఎఫిషియెన్సీ ఒకటి రెండు శాతం పడిపోయినా సరే. ఇంకోటి, పెద్ద ప్లాంటు కొత్త కంప్రెసర్ కొన్నప్పుడు పాతది తుక్కులోకి పోదు. దళారీ ద్వారా ఇలాంటి షెడ్డుకే వస్తుంది. పైన జరిగిన ఆధునికీకరణ కింద పాత యంత్రాల సరఫరాగా మారుతుంది. ఇది ఏ సర్వేలోనూ దొరకదు, నేమ్‌ప్లేటు మీద సంవత్సరం చూస్తే దొరుకుతుంది.

కొనేవాళ్ళ ఒత్తిడి ఎప్పుడూ ఇలాగే ఉంటుందని కాదు. ఇది మంచివైపు కూడా తిరుగుతోంది. ఆపిల్ 2030 నాటికి తన సరఫరా గొలుసు మొత్తాన్ని కార్బన్ న్యూట్రల్ చేస్తానని 2020లో ప్రకటించింది, ఆ గొలుసులో ఉన్న ప్లాంట్లకి ఆ లక్ష్యం ఒక షరతులాంటిదే. దిగుమతి సరుకులోని కార్బన్‌కి డబ్బు కట్టించే యూరప్ సీబ్యామ్ నిబంధన అయితే మన బోల్టు, స్క్రూ తయారీదార్ల తలుపే తట్టింది. 2023 అక్టోబరు నుంచి లెక్కలు పంపడం, 2026 జనవరి నుంచి డబ్బుతో ముడిపడ్డ దశ. ఇక్కడ ఎగుమతిదార్లకి అర్థమైంది ఏమిటంటే, బోల్టులోని కార్బన్‌లో ఎక్కువ భాగం వాళ్ళ ఫ్యాక్టరీలో పుట్టింది కాదు, కొన్న వైర్ రాడ్‌లోదే. మన దేశంలో టన్ను ముడి ఉక్కుకి సగటున 2.5 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. తుక్కు కరిగించి చేసిన ఉక్కుకి దానికంటే చాలా తక్కువ. దాంతో బోల్టు ఫ్యాక్టరీ కొనుగోలు మేనేజరు ఇప్పుడు ఉక్కు మిల్లుని "మీ రాడ్‌కి ఎంత?" అని అడుగుతున్నాడు. ఎగుమతి మార్కెట్ వైపు కూర్పు మారడం టెక్నాలజీని నెట్టే దారి ఇది. స్థానికంగా అమ్ముకునే పక్క షెడ్డుకి మాత్రం ఈ బెడద లేదు, ఈ కదలికా లేదు.

ఇప్పుడు గాలిమరల సంగతి చెప్పకుండా తమిళనాడు గురించి మాట్లాడలేం, ఇక్కడ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కోయంబత్తూరు, తిరుప్పూరు నూలు మిల్లులు మూడు షిఫ్టులూ తిరిగేవి, కరెంటు వాటికి ప్రాణం. యంత్రాల మీద వేగంగా తరుగుదల చూపించుకునే పన్ను రాయితీ ఉండటంతో మిల్లు ఓనర్లు తొంభైల నుంచే గాలిమరల మీద డబ్బు పెట్టారు. మేలో మొదలై సెప్టెంబరు దాకా గాలి బాగా వీచే కాలంలో పుట్టిన కరెంటుని ఈబీ, అంటే విద్యుత్ బోర్డు, గ్రిడ్‌లోకి పంపి తమ లెక్కలో జమ చేసుకునేవారు. 2008 నవంబరు నుంచి హెచ్‌టీ (హైటెన్షన్ కనెక్షన్ ఉన్న పెద్ద) పరిశ్రమలకి 40 శాతం కోత పడ్డప్పుడు సొంత గాలిమర ఉన్నవాళ్ళు కొంత ఊపిరి పీల్చుకున్నారు, లేనివాళ్ళు డీజిల్ జనరేటర్లు నడిపారు. ఒకే కోత ఒకచోట శుభ్రమైన కరెంటునీ, ఇంకోచోట డీజిల్ పొగనీ తెచ్చింది. 2005 నిబంధనల్లోని క్యాప్టివ్ పద్ధతి, అంటే కరెంటు ప్లాంటులో కనీసం 26 శాతం వాటా కొని దాని కరెంటులో కనీసం 51 శాతం వాడుకోవడం, ఈ దారిని పెద్దది చేసింది. ఇలా ఏర్పడ్డ మార్కెట్ కోసం, ఇక్కడ అప్పటికే ఉన్న కాస్టింగ్, గేర్, మెషినింగ్ నైపుణ్యం కోసం గాలిమరల తయారీ కంపెనీలు చెన్నై చుట్టూ చేరాయి. 2024 జనవరిలో ఫస్ట్ సోలార్ పిళ్ళైపాక్కంలో 3.3 గిగావాట్ల ప్యానెళ్ళ ప్లాంటు ప్రారంభించింది. కరెంటు ఎక్కువగా తినే పాత పరిశ్రమే శుభ్రమైన టెక్నాలజీకి మొదటి కొనుగోలుదారు అయింది. "భారీ పరిశ్రమ తగ్గితే టెక్నాలజీ మెరుగవుతుంది" అనే సూత్రానికి ఇది పూర్తిగా ఎదురు. అందుకే ఈ ఉదాహరణ మీ ప్రాజెక్టులో తప్పక ఉండాలంటాను.

మీ ప్రశ్నలో "శుభ్రమైన, ఎనర్జీ ఆదా చేసే" అని రెండూ కలిపేశారు. వాటిని విడదీయండి. తిరుప్పూరు అద్దకం యూనిట్లు నొయ్యల్ నదిని పాడుచేశాయని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు మూసేయమంది. తిరిగి నడవాలంటే ఒక్క చుక్క మురుగూ బయటికి పోకూడదు. ఉప్పునీళ్ళని ఆర్‌ఓలోంచి పంపి, మిగిలిన చిక్కటి ద్రావణాన్ని ఎవాపరేటర్లలో ఆవిరి చేయాలి. నది కోసం అది తప్పనిసరి, నేను వంద శాతం సమర్థిస్తాను. కానీ దానికి పట్టే ఆవిరి, కరెంటు తక్కువేమీ కాదు. కిలో బట్టకి ఎనర్జీ పెరుగుతుంది. మీ పట్టికలో ఇది "టెక్నాలజీ దిగజారింది" అని కనబడుతుంది, నిజానికి జరిగింది వేరు.

సేవల రంగం సంగతి క్లుప్తంగా. ఐటీ అంటే తేలిక అన్న నమ్మకం డేటా సెంటర్లతో చెదిరిపోతోంది. లేత్‌లు తిరిగిన అంబత్తూరులో ఇప్పుడు డేటా సెంటర్లు నడుస్తున్నాయి, సిరుసేరిలోనూ ఉన్నాయి. ఒక మెగావాట్ లోడు ఏడాది పొడవునా ఆగకుండా నడిస్తే 87.6 లక్షల యూనిట్లు. ఆ సెంటర్లకి ఉండేది పదుల మెగావాట్లు. చెన్నై ఉక్కపోతలో కూలింగ్ వేరే. అయితే వీళ్ళ దగ్గర డబ్బుంది, కొలిచే అలవాటుంది, కరెంటే అతిపెద్ద ఖర్చుల్లో ఒకటి. కాబట్టి చల్లబరిచే మంచి చిల్లర్ యంత్రాలు, వీఎఫ్‌డీలు, గాలి, సోలార్ ఒప్పందాలు త్వరగా వస్తాయి. మొత్తం వాడకం పెరుగుతూనే టెక్నాలజీ మెరుగయ్యే రంగం ఇది.

పని విషయానికొస్తే, రూపాయిల్లో కొలవడం తగ్గించి టన్నుకి, పీసుకి, మీటరుకి ఎన్ని యూనిట్లో చూడండి. రంగాలు ఎక్కువ పెట్టుకోకండి, కాస్టింగ్ ఒకటి, హీట్ ట్రీట్‌మెంట్ ఒకటి చాలు. ఇండక్షన్ ఫర్నేసులో టన్ను కరిగించడానికి సుమారు 600 యూనిట్లు అటూఇటూగా పడుతుంది, మీకొచ్చే అంకె దానికి మరీ దూరంగా ఉంటే ఏదో దాగుంది. సర్వే డేటాతో పాటు కనీసం కొన్ని చిన్న షెడ్లకి వెళ్ళండి. ఓనరు ఒప్పుకుంటే పన్నెండు నెలల ఈబీ బిల్లులు, అదే నెలల ప్రొడక్షన్ రిజిస్టరు పక్కపక్కన పెట్టి చూడండి. బిల్లులో పవర్ ఫ్యాక్టర్, మాక్సిమం డిమాండ్ కూడా రాసుకోండి. మెయింటెనెన్స్ మనిషితో విడిగా మాట్లాడండి, ఆఫీసు గదిలో కాకుండా కంప్రెసర్ దగ్గర. కంప్రెసర్, పెద్ద మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ల మీద సంవత్సరాలు రాసుకోండి, ఆ యంత్రం కొత్తగా కొన్నదా, సెకండ్ హ్యాండా అని అడగండి. అలాగే గత పదేళ్ళలో లోపల చేయడం మానేసి బయటికిచ్చిన పనులేమిటో పెద్ద కంపెనీ కొనుగోలు విభాగాన్ని అడగండి. ఆ జాబితా దొరికితే సర్వేలో మాయమైన ఎనర్జీ ఏ సందులోకి పోయిందో మీకు దారి దొరుకుతుంది. బిల్లులు చేతికొచ్చాక లెక్కలో ఎక్కడైనా చిక్కుపడితే, కంపెనీ పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.